200 గంటలకు 23 నెలలు: మా అమ్మాయి పైలట్ శిక్షణ పొందిన ఫ్లయింగ్ స్కూలుపై ఒక తండ్రి సమీక్ష

మా అమ్మాయి 2022లో ఇంటర్ ఎంపీసీ పూర్తి చేసి, చేతికి వచ్చిన ఇంజినీరింగు సీటు వదులుకుని, కమర్షియల్ పైలట్ లైసెన్సు కోసం 2023 జనవరి మధ్యలో తెలుగు రాష్ట్రాలకు బయట ఉన్న ఒక ఫ్లయింగ్ స్కూల్లో చేరింది. 14 నెలల్లో శిక్షణ పూర్తవుతుందని చెప్పి చేర్చుకున్న ఆ స్కూలు నుంచి 2024 డిసెంబరులో, అంటే 23 నెలల తరువాత, లైసెన్సుకు కావలసిన 200 గంటల ఫ్లయింగు ముగించుకుని ఇంటికి వచ్చింది. లైసెన్సు 2025 మార్చిలో చేతికి అందింది. ఆ స్కూలు మాకు అందించిన సేవ ఎటువంటిదో, ఏది బాగుందో, ఏది బాగాలేదో ఇంటర్ చదువుతున్న పిల్లల తల్లిదండ్రులకు ఉపయోగపడేలా ఇక్కడ వివరంగా రాస్తున్నాను. సంస్థ పేరు మాత్రం రాయడం లేదు. మేము ఎదుర్కొన్న ఇబ్బందులే వేరే స్కూళ్లలో పిల్లలను చేర్చిన తల్లిదండ్రుల నోట కూడా విన్నాను కనుక, ఒక పేరు చెప్పి దాన్ని తప్పించుకుంటే సరిపోతుందన్న భావన ఎవరికీ కలగకూడదు. ఏ స్కూలునైనా డబ్బు కట్టకముందే తూచి చూడటం ఎలాగన్నదే మనకు కావలసినది.

స్కూలు గురించి చెప్పేముందు, అక్కడిదాకా వెళ్లడానికి దాటవలసిన మెట్లను క్లుప్తంగా చెప్పాలి. ఇంటర్‌లో ఫిజిక్సు, గణితం ఉత్తీర్ణులై ఉండాలి. అందుచేత ఎంపీసీ వాళ్లకు చిక్కు లేదు, బైపీసీ చదివినవాళ్లు గణితం విడిగా ఓపెన్ స్కూలు ద్వారా రాసుకుంటున్నారు. స్టూడెంట్ పైలట్‌గా 16 ఏళ్లకే మొదలుపెట్టవచ్చు గాని కమర్షియల్ లైసెన్సుకు 18 ఏళ్లు నిండాలి. అన్నిటికంటే ముందు చేయించవలసినది వైద్య పరీక్ష. డీజీసీఏ (దేశంలో పౌర విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ) గుర్తించిన డాక్టరు వద్ద ముందు క్లాస్ 2, ఆ తరువాత క్లాస్ 1 మెడికల్ చేయించాలి; కళ్లు, చెవులు, గుండె, రక్తం, ఎక్స్‌రే అన్నీ చూస్తారు. కళ్లద్దాలు ఉంటే పైలట్ కాలేరని మా ఊళ్లో పదిమందిలో తొమ్మిదిమంది చెప్పారు, అది నిజం కాదు. మా అమ్మాయికి దూరపు చూపుకు అద్దాలున్నాయి, వాటితోనే క్లాస్ 1 వచ్చింది. రంగులు గుర్తించడంలో లోపం ఉంటే మాత్రం చాలా కష్టం. ఫీజులో మొదటి రూపాయి కట్టేముందే క్లాస్ 1 ఫలితం చేతిలో ఉండేలా చూసుకోండి. మా అమ్మాయితోపాటు చేరిన ఒక అబ్బాయి ఆ పని చేయక ఎంత నష్టపోయాడో కింద చెబుతాను.

రాత పరీక్షలు హైదరాబాదులో గ్రౌండ్ క్లాసులు చదివి రాసింది. ఎయిర్ నావిగేషన్, మెటియరాలజీ, ఎయిర్ రెగ్యులేషన్స్, టెక్నికల్ జనరల్, విమానాన్ని బట్టి మారే టెక్నికల్ స్పెసిఫిక్. ప్రతి పేపరులో 70 శాతం రావాలి. వీటికి ముందు డీజీసీఏ కంప్యూటర్ నంబరు, అంటే పరీక్షలు రాయడానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య, తీసుకోవాలి, దానికోసం ఇంటర్మీడియట్ బోర్డు నుంచి మార్కుల ధ్రువీకరణ తెప్పించుకోవాలి. ఈ కాగితానికి పట్టే సమయాన్ని ఎవరూ లెక్కలో వేసుకోరు. నావిగేషన్ ఒక్కటి మా అమ్మాయికి రెండోసారికి వచ్చింది. ఫ్లయింగ్‌లో చేరకముందే ఈ పేపర్లు ముగించుకోవడం మేము చేసిన సరైన పనుల్లో మొదటిది. పరీక్షలు మిగిలి ఉండగా వచ్చిన పిల్లలు నెలలో పది రోజులు పుస్తకాలకు, పది రోజులు విమానానికి పంచుకుంటూ రెండింటిలోనూ వెనకబడటం ఆమె కళ్లారా చూసింది.

స్కూలు ఎంపికలో మేము తగినంత శ్రద్ధ పెట్టలేదు. ముందుగా అమేథీ జిల్లా ఫుర్సత్‌గంజ్‌లోని కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీ ప్రవేశ పరీక్ష రాసింది, సీటు రాలేదు. విమానయాన సంస్థలే నడిపించే కేడెట్ పథకాలకు కోటి రూపాయల దాకా కావాలి, అది మా శక్తికి మించినది. మిగిలినవి ప్రైవేటు స్కూళ్లు. మూడింటికి వెళ్లి చూసి, ఎక్కువ విమానాలున్నాయని చెప్పినదాన్ని ఎంచుకున్నాము. ఆ రోజు హ్యాంగరులో వరుసగా నిలిపిన తెల్లటి విమానాలను చూసి, యూనిఫాంలో నడిచి వెళ్తున్న పిల్లలను చూసి, మా అమ్మాయి ముఖంలో కనిపించిన వెలుగును చూసి, నేను అడగవలసిన ప్రశ్నలు అడగలేదు. పాతికేళ్లుగా పిల్లలకు గణితం చెబుతున్న నేను వేయవలసిన లెక్క చేరిన ఏడాదికి గాని వేయలేదు. ఆ లెక్క ఇదీ.

ప్రకటనలో 12 విమానాలు ఉన్నాయి, నిజానికి ఏ నెలలోనైనా ఎగిరే స్థితిలో ఉన్నవి ఏడు. శిక్షణలో ఉన్న పిల్లలు సుమారు 60 మంది. ఒక్కొక్కరికి 200 గంటలంటే మొత్తం 12,000 గంటలు. ఇది 14 నెలల్లో పూర్తి కావాలంటే నెలకు 857 గంటలు ఎగరాలి. ఏడు విమానాలకు పంచితే ఒక్కొక్కదానికి నెలకు 122 గంటలు, అంటే ఆదివారం, పండగ, వాన, మరమ్మతు అనే మాట లేకుండా రోజూ నాలుగు గంటలు. మా అమ్మాయి విమానాల లాగ్‌లు, అంటే ఎగిరిన గంటలు నమోదుచేసే పుస్తకాలు, చూసి చెప్పిన దాని ప్రకారం ఒక్కో విమానం సగటున నెలకు 75 గంటలే ఎగురుతోంది. ఏడింటికీ కలిపి 525. పన్నెండు వేలను 525తో భాగిస్తే దాదాపు 23 వస్తుంది. ఆమెకు పట్టినది సరిగ్గా 23 నెలలే. ఇందులో ఎవరి దురదృష్టమూ లేదు, చేరిన రోజునే ఆ సంఖ్య అక్కడ సిద్ధంగా ఉంది. ఈ భాగహారం ఎనిమిదో తరగతి పిల్లవాడు చేయగలడు. దానికి కావలసిన నాలుగు అంకెలు అడిగితే చెప్పని స్కూల్లో పిల్లలను చేర్చవద్దని గట్టిగా చెబుతున్నాను. ఎన్ని విమానాలు ఉన్నాయని కాకుండా, పోయిన మూడు నెలల్లో అవి ఎన్ని గంటలు ఎగిరాయని అడగండి.

రోజూ సాయంత్రం ఫోనులో మాట్లాడుకునేటప్పుడు ఆ రోజు ఎగిరిందా, లేకపోతే ఎందుకని ఎగరలేదో ఒక నోటుపుస్తకంలో రాసుకునే అలవాటు చేసుకున్నాను. మొదటి 365 రోజుల లెక్క చెబుతాను. ఎగిరిన రోజులు 61. వాతావరణం అనుకూలించనివి 94. విమానం మరమ్మతులో ఉండి ఆగినవి 58. ఇన్‌స్ట్రక్టరు లేక ఆగినవి 83. సెలవులు, ఆమె సొంత పనులు, జ్వరాలు కలిపి 47. ఇంధనం రాకపోవడం, గగనతలం మూసి ఉండటం వంటివి 22. ఏడాది చివరకు ఆమె లాగ్‌బుక్కులో ఉన్నవి 72 గంటలు. ఈ లెక్క ముందు పెట్టుకుని చూస్తే ఆలస్యాలు రెండు రకాలని తెలుస్తుంది: ఆకాశం చేసిన ఆలస్యం ఒకటి, ఆఫీసు చేసిన ఆలస్యం మరొకటి. మొదటిదానికి స్కూలును నిందించడం అన్యాయం, రెండోదాన్ని మొదటిదాని చాటున దాచడం అంతకంటే అన్యాయం. ఫోను చేసి అడిగిన ప్రతిసారీ ఆఫీసు నుంచి వచ్చిన జవాబు వాతావరణమే. నా పుస్తకం ప్రకారం వాతావరణం వల్ల పోయినవాటికంటే ఇన్‌స్ట్రక్టరు, విమానం లేక పోయిన రోజులే ఎక్కువ, 141.

వాతావరణం విషయంలో ఈ స్కూలు పాటించిన క్రమశిక్షణకు నా పూర్తి మార్కులు. మొదట్లో నాకూ కోపం వచ్చేది. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, యూనిఫాం వేసుకుని, ఎగిరేముందు చేసే ప్రీఫ్లైట్ తనిఖీ చేసి, ఆ తరువాత మూడు గంటలు బల్లమీద కూర్చుని తిరిగి హాస్టలుకు వచ్చానని అమ్మాయి చెబితే, అంతమాత్రం పొగమంచుకే ఆపాలా అనిపించేది. చూపుతో నేలను గమనిస్తూ ఎగిరే దశలో కనీసం ఐదు కిలోమీటర్ల దూరం స్పష్టంగా కనిపించాలన్నది నిబంధన, నాలుగున్నర ఉన్నప్పుడు కూడా వాళ్లు విమానం బయటికి తీయలేదు. చలికాలం ఉదయాల్లో మంచు, జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానమబ్బులు, వేసవి మధ్యాహ్నాల్లో వేడికి పలచబడిన గాలిలో ఇంజిను శక్తి, రెక్కల పట్టు రెండూ తగ్గడం, అడ్డగాలి హద్దు మీరడం, ఇవన్నీ కలిస్తే మన దేశంలో శిక్షణకు అనువైన గంటలు ఏడాదిలో ఎంత తక్కువో ఈ రెండేళ్లలో తెలిసింది. ఒకసారి పక్కనున్న పట్టణం మీదుగా వస్తుండగా మబ్బులు కమ్ముకుంటే, మిగిలిన ప్రయాణం రద్దు చేసి దగ్గరి విమానాశ్రయంలో దింపి, ఆ రాత్రి అక్కడే ఉంచారు. ఆ అదనపు ఖర్చు స్కూలే భరించింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు గాని, తెల్లారాక ఆ నిర్ణయం తీసుకున్న ఇన్‌స్ట్రక్టరుకు ఫోను చేసి కృతజ్ఞతలు చెప్పాను.

బోధన విషయానికి వస్తే, మనుషులు మంచివాళ్లు, వ్యవస్థ బలహీనం. చీఫ్ ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టరు వాయుసేనలో పనిచేసి వచ్చిన పెద్దమనిషి. ప్రతి సార్టీ (ఒక విడత ఎగరడం) తరువాత అరగంట కూర్చోబెట్టి, ల్యాండింగులో ఏ క్షణాన ముక్కు ఎత్తాలి, ఎందుకు ఆలస్యమైంది, తరువాతిసారి కన్ను ఎక్కడ నిలపాలి అని కాగితం మీద గీసి చెప్పేవారు. మా అమ్మాయికి మొదట్లో ల్యాండింగులు కుదరలేదు. రన్‌వే దగ్గరపడగానే చూపు విమానం ముందు నేలమీద పెట్టేది. చూపును రన్‌వే చివర మీద నిలపమని ఆయన చెప్పిన ఒక్క మాటతో నాలుగు రోజుల్లో మార్పు వచ్చింది. ఆమె తొలి సోలోకు ఆయనే అనుమతి ఇచ్చారు. ఒక్కతే ఎగిరి, ఒక చుట్టు తిరిగి దిగి వచ్చాక, ఆచారం ప్రకారం తోటి పిల్లలు బకెట్లతో నీళ్లు కుమ్మరించారట. తడిసిన యూనిఫాంతోనే ఫోను చేసి, "నాన్నా, పక్క సీటు ఖాళీగా ఉంది" అంది. చాలాసేపు అంతకుమించి మాట్లాడలేకపోయాము ఇద్దరమూ.

అయితే ఇలాంటి గురువు ఒక్కరే. మిగిలిన ఇన్‌స్ట్రక్టర్లలో ఎక్కువమంది పాతికేళ్ల లోపువాళ్లు, తాము కూడా విమానయాన సంస్థ పిలుపు కోసం ఎదురుచూస్తూ, గంటలు పోగుచేసుకోవడానికి బోధిస్తున్నవాళ్లు. పిలుపు రాగానే వెళ్లిపోతారు, వాళ్లను తప్పుపట్టలేము. 23 నెలల్లో మా అమ్మాయికి ఐదుగురు మారారు. కొత్తవారు వచ్చిన ప్రతిసారీ విద్యార్థి స్థాయి తెలుసుకోవడానికి రెండు మూడు గంటలు మళ్లీ పాత పాఠాలే ఎగరవలసి వచ్చేది, ఆ గంటలకు డబ్బు మాదే. మధ్యలో ఒక విడత 24 రోజులు ఒక్క సార్టీ కూడా లేదు. అంత విరామం తరువాత విమానం ఎక్కితే చేతులు మరిచిపోతాయి, వాటిని మళ్లీ గుర్తుచేయడానికి ఇంకో గంట. రెండో ఏడాది మొదట్లో స్కూలు ఇద్దరు సీనియర్లను నియమించింది, పాత బ్యాచ్ ఒకటి వెళ్లిపోయింది, దానితో వేగం పెరిగింది. మిగిలిన 128 గంటలు 11 నెలల్లో పూర్తయ్యాయి. అంటే లోటు సరిచేయలేనిది కాదు, సరిచేయాలన్న ఆలోచన ఏడాది ఆలస్యంగా వచ్చింది. ఇదే నా ప్రధానమైన ఫిర్యాదు.

విమానాల నిర్వహణ ఈ స్కూలుకున్న అసలైన బలం. శిక్షణ ఎక్కువగా సెస్నా 172 మీద, చివరి 15 గంటలు రెండు ఇంజిన్ల విమానం మీద జరిగింది. ప్రతి 50 గంటలకు ఒక తనిఖీ, 100 గంటలకు పెద్ద తనిఖీ ఉంటాయి. గడువు దగ్గరపడిన విమానాన్ని ఇంకో సార్టీకి లాగుదామన్న మాట ఒక్కసారి కూడా వినలేదని అమ్మాయి చెప్పింది. ఒక ఉదయం ఆమె సోలో క్రాస్ కంట్రీకి, అంటే ఒక్కతే దూరపు విమానాశ్రయాలకు ఎగిరి రావడానికి, బయలుదేరబోతూ, రన్‌వేకి ముందు చేసే పరీక్షలో ఒక మాగ్నెటో (స్పార్కు ప్లగ్గులకు విద్యుత్తు ఇచ్చే పరికరం) మీద ఇంజిను తిరిగే వేగం హద్దు దాటి పడిపోవడం గమనించింది. ఆ ప్రయాణం కోసం అప్పటికి మూడు వారాలు ఎదురుచూసింది. అయినా విమానాన్ని వెనక్కి తెచ్చి అప్పగించింది. ఇంజినీరు విప్పి చూసి, స్పార్కు ప్లగ్గుకు మసి పట్టిందని తేల్చి, పిల్లలందరి ముందు ఆమెను మెచ్చుకున్నాడు. మళ్లీ వంతు రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజుల గురించి నాకు ఏ బాధా లేదు. విద్యార్థి వెనక్కి వస్తే విసుక్కునే స్కూల్లో తరువాతి పిల్లవాడు వెనక్కి రాడు, అక్కడే ప్రమాదం మొదలవుతుంది.

ఇంధనం కూడా ఒక సమస్యేనని బయటివాళ్లకు తెలియదు. ఈ చిన్న విమానాలు వాడే ఏవ్‌గ్యాస్ పెద్ద విమానాల్లో పోసే ఇంధనం కాదు. చాలాకాలం మన దేశం దాన్ని దిగుమతి చేసుకునేది, 2022లో ఇండియన్ ఆయిల్ వడోదరలో తయారుచేసి అమ్మడం మొదలుపెట్టింది. అయినా మారుమూల పట్టణానికి ట్యాంకరు రాకపోతే స్కూలంతా నిలిచిపోతుంది. మా 22 రోజుల్లో చాలావరకు అలా పోయినవే. నిల్వ ఎన్నాళ్లకు సరిపడా ఉంచుతారన్నది అడగవలసిన మరో ప్రశ్న.

డబ్బు సంగతి దాపరికం లేకుండా చెబుతాను. ఒప్పందం 46 లక్షలు, నాలుగు వాయిదాల్లో. హాస్టలు, మెస్సు, హెడ్‌సెట్టు, యూనిఫాం, పరీక్షల రుసుములు, స్కిల్ టెస్టుల ఖర్చు, అదనంగా ఎగిరిన గంటలు కలుపుకుంటే మాకు అయినది 58 లక్షలు. ఇందులో 30 లక్షలు పదిన్నర శాతం వడ్డీకి బ్యాంకు నుంచి ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చాము. అంటే నెలకు 26,250 రూపాయల వడ్డీ. చెప్పిన గడువుకంటే పెరిగిన తొమ్మిది నెలలకు 2,36,250. ఆ తొమ్మిది నెలల హాస్టలు ఖర్చు, నెలకు 14 వేల చొప్పున, 1,26,000. ఆలస్యం ఖరీదు మాకు మూడున్నర లక్షలు దాటింది. ఒప్పందంలో విద్యార్థి వాయిదా ఆలస్యం చేస్తే జరిమానా ఉంది, స్కూలు శిక్షణ ఆలస్యం చేస్తే ఏమీ లేదు. వాయిదాలు ఎగిరిన గంటలను బట్టి కాకుండా క్యాలెండరును బట్టి పెట్టారు. అందువల్ల ఆమె లాగ్‌బుక్కులో 72 గంటలున్నప్పటికే మేము మొత్తం ఫీజు కట్టేశాము. ఇకమీదట చేర్చేవాళ్లు మొదటి 50 గంటలు పూర్తయ్యాకే రెండో వాయిదా అన్న పద్ధతిని రాతలో అడగండి. ఒప్పుకున్న స్కూళ్లు ఉన్నాయని ఇప్పుడు తెలిసింది.

పైన చెప్పిన అబ్బాయి క్లాస్ 2 మెడికల్‌తోనే చేరి, 40 గంటలు ఎగిరాక క్లాస్ 1లో తాత్కాలికంగా అనర్హుడయ్యాడు. వెళ్లిపోతానంటే, కట్టినదానిలో ఎగరని గంటల డబ్బు తిరిగి ఇవ్వడానికి ఒప్పందంలో వీలు లేదన్నారు. తండ్రి కౌలు రైతు. ఎన్నోసార్లు తిరిగాక కొంత ఇచ్చారు, కొంత ఇవ్వలేదు. తెలియక చేసిన సంతకమే అయినా, అంత చిన్న పిల్లవాడి విషయంలో సంస్థ ఇంకాస్త పెద్దమనసు చూపవలసింది. ఈ ఒక్క కారణానికే డబ్బు వ్యవహారంలో ఒక మార్కు తగ్గించాను.

హాస్టలు శుభ్రంగా ఉంది, ఆడపిల్లలకు విడి భవనం, రాత్రి ఫ్లయింగు తరువాత స్కూలు వాహనంలోనే తీసుకువచ్చేవారు. భోజనం చపాతీ, పప్పు. అన్నం రోజుకు ఒక్కపూటే. మన పిల్లలకు పచ్చళ్ల జాడీలు తప్పవు.

లాగ్‌బుక్కు విషయంలో ఈ సంస్థ నిజాయతీని ప్రత్యేకంగా చెప్పాలి. లైసెన్సుకు 200 గంటలు, అందులో 100 గంటలు తానే పైలట్‌గా, వాటిలో 15 గంటలు దరఖాస్తుకు ముందు ఆరు నెలల్లో ఉండాలి. 300 నాటికల్ మైళ్ల, అంటే సుమారు 555 కిలోమీటర్ల, క్రాస్ కంట్రీ చేస్తూ రెండు వేరువేరు విమానాశ్రయాల్లో పూర్తిగా దిగి ఆగాలి. రాత్రి ఐదు గంటలు ఎగరాలి. ఇన్‌స్ట్రుమెంట్ రేటింగు కావాలంటే పరికరాలను మాత్రమే చూస్తూ ఎగిరే అనుభవం 40 గంటలు కావాలి, అందులో 20 దాకా సిమ్యులేటరులో చేయవచ్చు. ఇంత కట్టుదిట్టమైన లెక్కలో ఆలస్యం పెరిగేకొద్దీ ఎగరని గంటలను కలంతో రాసేయాలన్న ప్రలోభం ఎవరికైనా కలుగుతుంది. 2011లో దొంగ మార్కుల పత్రాలతో లైసెన్సులు పొందిన పైలట్లు పట్టుబడిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఇక్కడ ఇంజిను మీటరు, విమానం లాగ్, విద్యార్థి లాగ్‌బుక్కు మూడూ ప్రతి సాయంత్రం సరిపోల్చి సంతకం చేసేవారు. ఆరు నిమిషాల తేడా వస్తే ఆ సాయంత్రమంతా దానికే పెట్టేవారు. రేపు ఆమె వెనుక సీట్లలో నూట ఎనభై మంది కూర్చున్నప్పుడు ఆ 200 గంటలు నిజమైనవి కావడమే వాళ్లకు మనం చెల్లించే బాకీ.

ఉద్యోగాల గురించి స్కూలు చెప్పినది సగం నిజం. ఇండిగో 2023లో 500 విమానాలకు, ఎయిర్ ఇండియా అదే ఏడాది 470 విమానాలకు ఆర్డర్లు ఇవ్వడం వాస్తవమే, ఆ వార్తల కత్తిరింపులు ఆఫీసు గోడమీద అతికించారు. కాని 200 గంటల లైసెన్సుతో వచ్చిన పిల్లవాడు మరునాడే ఆ విమానాల్లో కూర్చోడు. ఎయిర్‌బస్ ఏ320 వంటి నిర్దిష్ట విమానానికి టైప్ రేటింగు అనే ప్రత్యేక శిక్షణ చేయాలి, దానికి మరో పదిహేను లక్షలకు పైనే కావాలి. ఆ సంస్థల రాత పరీక్ష, సిమ్యులేటరు పరీక్ష, ఇంటర్వ్యూ దాటాలి. నియామకాలు విడతలుగా వస్తాయి, విడతకూ విడతకూ మధ్య నిరీక్షణ ఉంటుంది. మా అమ్మాయి ఒక సంస్థ రాత పరీక్షలో ఉత్తీర్ణురాలై తరువాతి దశ కోసం ఎదురుచూస్తోంది. చేరేనాడు ఈ రెండో ఖర్చు గురించి మాకు ఎవరూ చెప్పలేదు. నేను అడగలేదు గనుక చెప్పలేదని తరువాత అన్నారు. అడగకపోయినా చెప్పడం విద్యాసంస్థ ధర్మం.

2025 అక్టోబరులో డీజీసీఏ తొలిసారి ఫ్లయింగ్ స్కూళ్లకు శ్రేణులు ప్రకటించింది. ఆ మొదటి జాబితాలో పై రెండు శ్రేణులు ఒక్క సంస్థకూ దక్కలేదు. మాకు 2022లో ఇలాంటి జాబితా ఉంటే ఎంతో మేలు జరిగేది. ఇప్పుడు చేర్చేవాళ్లు దాన్ని తప్పక చూడండి, కాని దానితోనే ఆగిపోవద్దు. ఒక ఉదయం ఐదున్నరకు చెప్పకుండా వెళ్లి, విమానాలను పంపించే డిస్పాచ్ బల్ల దగ్గర నిలబడి, ఆ రోజు బోర్డు మీద ఎన్ని సార్టీలు రాశారో, పదింటికి వాటిలో ఎన్ని పూర్తయ్యాయో చూడండి. మేనేజరుతో గంటసేపు మాట్లాడినా తెలియనిది అక్కడ తెలుస్తుంది. క్యాంటీనులో చివరి దశకు వచ్చిన ఇద్దరు పిల్లలను పలకరించి, ఎప్పుడు చేరారని మాత్రం అడగండి.

భద్రతకు, నిర్వహణకు, లాగ్‌బుక్కు నిజాయతీకి ఐదుకు ఐదు ఇస్తాను. బోధనకు మూడున్నర. సమయపాలనకు ఒకటి. డబ్బు వ్యవహారానికి రెండు. ఇవన్నీ కలిపి సగటు తీస్తే వచ్చే అంకెకు అర్థం లేదని గణితం ఉపాధ్యాయుడిగా నాకు తెలుసు, అందుకే తీయడం లేదు. ప్రాణానికి సంబంధించినవి ఒక పక్క, కాలానికీ డబ్బుకీ సంబంధించినవి మరో పక్క ఉన్నాయి. రెండో పక్క నష్టం భరించగలిగిన కుటుంబమా కాదా అన్నది ఎవరికి వారు చూసుకోవాలి. భరించలేని కుటుంబాల పిల్లలకు కూడా ఆకాశం మీద అంతే హక్కు ఉంది కాబట్టి, ఆ రెండో పక్కను స్కూళ్లు సరిచేసుకోవాలని మనస్ఫూర్తిగా కోరుతున్నాను.

ఇన్‌స్ట్రుమెంట్ రేటింగును ఏటా పునరుద్ధరించుకోవాలి. మా అమ్మాయిది ఈ డిసెంబరుతో ముగుస్తుంది. మూడు స్కూళ్ల ధరలు కనుక్కున్నాక, ఒకచోట తక్కువకే చేస్తామన్నా, ఆ విమానాలను ఎవరు తనిఖీ చేస్తారో తనకు తెలుసునని చెప్పి పాత స్కూలుకే వెళ్తానంది. ఒప్పుకున్నాను. ఈసారి విమానం నంబరు, ఇన్‌స్ట్రక్టరు పేరు, మూడు తేదీలు ఈమెయిలులో రాయించుకున్న తరువాతే రైలు టికెట్టు కొన్నాము.